గ్రామ లెక్కల ఉద్యోగుల మార్పులు – రైతులకు సూచన



పూర్వము హైదరాబాదు రాజ్యమున గ్రామమునకు మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ యను వంశపారంపర్యపు టుద్యోగు లుండిరి. ఏ పొలమున ఏ పంట యున్నదో, ఎవరు దున్నుచున్నారో పట్వారీ పహాణీలో వ్రాయుచుండెను. కలము అతని చేతనుండుటచే రైతు అతనికి వెఱచుచుండెను. 1984లో ఈ పదవులు రద్దుచేయబడినవి. భయము తొలగెను, కాని ఏ సర్వే నంబరు ఏ గట్టువద్ద ముగియునో నోటిలెక్కగా చెప్పగలవాడును అతనితోడనే పోయెను.

కొన్ని మార్పుల పిమ్మట ఆ పని గ్రామ రెవిన్యూ అధికారులకు వచ్చెను. లంచముల ఫిర్యాదులు పెరుగగా 2020లో తెలంగాణ ప్రభుత్వము ఆ పదవులనుగూడ తీసివేసి, లెక్కలను ధరణి యను ఆన్‌లైను పట్టికలో నుంచెను. 2022లో ఆ యుద్యోగులు లాటరీ మూలమున వేర్వేరు శాఖలకు పంపబడిరి. భూమి లెక్కలు నేర్చిన చేతులకు దానితో సంబంధములేని పనులు దొరకెను. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే దినమున ముగియుట మేలే. అయితే పేరు తప్పుపడిన రైతునకు గ్రామమున అడుగుటకు మనిషి లేక మండలమునకు, జిల్లాకు తిరుగవలసివచ్చెను. అనుభవదారు గడి తీసివేయబడుటచే కౌలురైతు పేరు లెక్కలలో కనబడదయ్యెను. పంట వేసినవా డతడే గదా!

2025లో భూభారతి చట్టము అమలునకు వచ్చి, గ్రామ పాలనాధికారులు నియమింపబడిరి. పూర్వపు గ్రామోద్యోగులే వీరిలో పలువురు. క్రొత్త అధికారి గ్రామమునకు వచ్చిన వెంటనే రైతు తన పట్టా పాసుపుస్తకమును, పాత పహాణీ నకళ్లను తీసికొనిపోయి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము సరిచూపించుకొనవలెను. పాత నకలు చినిగినను పారవేయరాదు.