చర్చి ప్రక్క బోధకుని బంగళా



సికిందరాబాదు దండు పట్టణము. మూడవ నిజామగు సికందర్ జా పేరు దీనికి 1806లో కలిగినది. దండు వెంట వర్తకులును, వారి వెంట మతబోధకులును వచ్చిరి. 1840లో నెల్లూరున కుదురుకొనిన అమెరికా బాప్తిస్టు మిషనువారు 1875లో ఇచ్చటను పని ప్రారంభించిరి. సెంటినరీ బాప్తిస్టు చర్చి చరిత్ర ఆనాటిదే.

ప్రార్థనామందిరము ప్రక్కనే బోధకునకు బంగళా కట్టించుట మిషనువారి వాడుక. చూడవచ్చినవారు మందిరమును తలయెత్తి చూచి వెడలుదురేగాని, బంగళా వంక చూడరు. ఆ కాలపు బంగళాల కట్టుబడిని గూర్చి నేడు రెండు మాటలు మనవి చేసెదను.

"బంగళా" దొరల మాట కాదు. వంగదేశపు పల్లెటూరి యింటికే ఆ పేరు. దానిని చూచియే దొరలు తమ యిండ్లు కట్టుకొనిరి. ఎత్తైన అరుగు, చుట్టును వరండా, ఎదురెదురుగా తలుపులు, ఎత్తైన కప్పు, దాని క్రింద చిన్న గవాక్షములు - ఇవి దాని లక్షణములు. వరండా నీడవలన ఎండ గోడను తాకదు. లోని వేడిగాలి పైకెగసి గవాక్షములగుండ పోవును.

బోధకుని యింట వరండాకు మరియొక పనియు కలదు. పెండ్లి దినము నిశ్చయించుకొనుటకు ఒకరు, రోగికై ప్రార్థన కోరి ఒకరు, తగవు తీర్పుమని ఒకరు వేళగాని వేళ వత్తురు. వారు కూర్చుండుటకు నీడ కావలెను; ఇంటిలోనివారికి ఇబ్బంది కలుగరాదు. మన వీధియరుగు చేయు పనియు నిదియే గదా!

ఆనాటి గోడలు రాయి, ఇటుక, గానుగ సున్నముతో కట్టినవి. మిద్దెకు టేకు దూలములపై ఇటుకలను నిలువుగా పేర్చి సున్నముతో బిగించెడివారు. కరక్కాయ, బెల్లము నానిన నీటిని సున్నమున కలుపుటయు కలదు. సున్నపు గోడ వానకు చెమ్మ పీల్చినను, ఎండకు దానిని విడిచివేయును.

ఇప్పుడు కీడు వచ్చినది ఇచ్చటనే. గోడ బీటవారగానే సిమెంటు పూయుచున్నారు. సిమెంటు చెమ్మను వెలికి పోనీయదు. చెమ్మ లోననే నిలిచి, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా రాలును. దూలపు కొనలు కుళ్లును. పిమ్మట "పాత యిల్లు పనికిరాదు" అని పడగొట్టుదురు. తప్పు ఇంటిది కాదు, వైద్యముది.

మీ గ్రామములందును ఇట్టి లోగిళ్లును, గుడులును, మసీదులును కలవు. సున్నపు పనికి కాలము పట్టును. అది తెలిసిన తాపీవారును అరుదైరి. ఉన్న వృద్ధుని పిలిపించి, ఒక గోడయైనను అతనిచే బాగుచేయించుడు. ప్రక్కన ఒక పడుచువానిని నిలిపి ఆ పని నేర్పించుడు. ఇల్లును నిలుచును, విద్యయు నిలుచును.