ఒంట్లో బాగున్నప్పుడే కూడబెడదాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య పుట్టినరోజు శుభాకాంక్షలతో పాటు ఆస్పత్రి బిల్లులూ కనిపిస్తున్నాయి. ఎవరికో స్టెంటు వేశారనో, డయాలసిస్ మొదలైందనో తెలియగానే తలా కొంత పంపుతున్నాం. మంచిదే. కానీ ఒక్కటి గమనించండి. నలుగురితో కలుపుగోలుగా ఉండేవాడికి రెండు రోజుల్లోనే డబ్బు పోగవుతుంది. వెనక బెంచీలో మౌనంగా కూర్చున్నవాడి తరఫున అడిగేవారే ఉండరు. నోరు తెరిచి అడగడానికి అతనికి అభిమానం అడ్డొస్తుంది. సాయం అవసరాన్ని బట్టి అందాలి గాని, పరిచయాలను బట్టి కాదు.

ముందే కూడబెట్టుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. కర్ణాటకలో సహకార సంఘాల రైతుల కోసం 2003లో యశస్విని పథకం మొదలైంది. మొదట్లో సభ్యుడి చందా నెలకు 5 రూపాయలే. బీమా కంపెనీతో పని లేకుండా ఒక ట్రస్టు దాన్ని నడిపి ఆపరేషన్లు చేయించింది. అయితే అందులో లక్షల మంది చేరారు, ప్రభుత్వమూ సొమ్ము వేసింది. వందల మందిమే ఉన్న మనం గుండె ఆపరేషన్ల ఖర్చంతా మోస్తామనుకుంటే అత్యాశే.

అమెరికాలో కొన్ని క్రైస్తవ సంఘాల సభ్యులు నెలనెలా వాటాలు వేసుకుని ఒకరి బిల్లులు ఒకరు పంచుకుంటారు. అది బీమా కాదు. బిల్లు కట్టి తీరాలన్న చట్టపరమైన పూచీ అందులో ఉండదు. ఈ తేడా మనమూ మరవకూడదు.

అందుకే నావి రెండు ప్రతిపాదనలు.

మొదటిది, ఉన్న రక్షణను ఎవరూ వదులుకోవద్దు. బీమా పాలసీ ఉంటే గడువు దాటనివ్వకండి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందించేలా 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించారు. మన గురువుల్లో చాలామంది ఆ వయసువారే. బ్యాచ్‌కు ఒకరు వారి ఇళ్లకు వెళ్లి ఆధార్ చూసి కార్డు తీయించాలి.

రెండోది, కార్డులు తీర్చని ఖర్చుల కోసం ఒక నిధి పెట్టుకుందాం. రోజువారీ బీపీ, షుగర్ మందులు, డయాలసిస్‌కు వెళ్లొచ్చే చార్జీలు, తోడు ఉన్నవారి భోజనం, పోయిన కూలి వంటివి ఇందులోకి వస్తాయి. నెలకు 200 రూపాయలు చాలు. ఇవ్వలేనివారికీ సమాన హక్కు ఉండాలి. ఒక డాక్టరుతో సహా ముగ్గురు సభ్యుల కమిటీ నిర్ణయిస్తుంది. సాయం పొందినవారి పేరు గ్రూపులో పెట్టకూడదు. లెక్కలు మాత్రం ఏటా అందరి ముందూ చదవాలి. “ఇంత ఇచ్చి తీరతాం” అని ఎవరికీ హామీ ఇవ్వవద్దు. ప్రీమియం తీసుకుని హామీ ఇస్తే అది బీమా వ్యాపారమవుతుంది, దానికి ఐఆర్‌డీఏఐ అనుమతి కావాలి. నిధిలో ఉన్నంతలో సాయం చేస్తామన్నదే మన మాట.

సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదనలు చర్చకు వచ్చినప్పుడు మీ మద్దతు కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.