దంపతుల తీరిక



దాంపత్యమనగానే మనకు స్ఫురించునవి పెండ్లి, సంతానము, సంసారభారము. ఈ మూటినడుమ ఆలుమగలు తీరికగా గూర్చుండు గడియయొకటి కావలెనని మన మంతగా దలపము. పూర్వకవులు తలచిరి. రఘువంశమున అజమహారాజు ఇందుమతికై విలపించుచు, ఆమె తనకు గృహిణియు మంత్రియు మాత్రమే కాదు, చెలికత్తె యనియు, లలితకళలలో ప్రియశిష్యురాలనియు వాపోవును. రాజ్యమేలువాడు భార్యతో గళాభ్యాసమునకు గాలము వెచ్చించెనన్నమాట. ఉత్తరరామచరితమున, లక్ష్మణుడు చూపగా, సీతారాములు తమ పూర్వవృత్తాంతపు చిత్తరువులను గలసి చూతురు. ఎల్లోరా గుహలలో పార్వతీపరమేశ్వరులు పాచికలాడుచున్న శిల్పములున్నవి. దేవుడు ఆలితో ఆటకు గూర్చుండుట ఆ శిల్పులకు చిన్నతనముగా దోపలేదు.

మన కీసరలోను, ఇరుగుపొరుగు గ్రామములలోను సాయంకాలమైనచో మగవారు రచ్చబండకో, టీకొట్టుకో చేరుదురు. ఆడువారు వాకిట బియ్యమేఱుచు పొరుగువారితో మాటలాడుదురు. నలువదియేండ్లు కాపురము చేసినవారును ఇరువురే కూర్చుండి నవ్వుకొన్న సాయంకాలములను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

అట్లని ఊరక కలసి తిరిగిన జాలదు. అమెరికాదేశమున గొందఱు పండితులు దంపతులను ఏండ్లతరబడి పరిశీలించి 2002లో నొక వ్యాసము ప్రకటించిరి. భర్తకు బ్రియమై భార్యకు రుచింపని వినోదములలో గడపిన కాలము భార్య అసంతృప్తికి గారణమగుచున్నదనియు, ఆ యసంతృప్తి ఫలితముగా నట్టి కాలము మరల హెచ్చుచున్నదనియు వారు తేల్చిరి. ఇది మన కెఱుగని సంగతి కాదు. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు భార్యను వెంటగొనిపోయి, దర్శనము కాగానే ఆమెను మూటలకడ గావలియుంచి, తాను స్నేహితులతో సందడిలో దిరుగు గృహస్థులు లేరా? అక్కడ దిరుపతమ్మను గోపయ్యతో గూడ గొలుతురు. మ్రొక్కి వచ్చినవాడు మాత్రము భార్యను మూటలకు వదలును. తీసికొనిపోతినిగదా యని యతని లెక్క. ఆమె లెక్క యతడడుగడు.

అసలు ఆమెకు దీరిక యెక్కడిది? 2024లో గేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతములేని యింటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. మన మెట్టనేలలో మిరపకోతకో, పత్తితీతకో పోయివచ్చి, వంటచేసి, అంట్లు తోమిన స్త్రీని "రమ్ము, ముచ్చటలాడుకొందము" అని పిలిచిన నామెకు నిద్రయే ముచ్చట. మగడు అంట్లు తోమినచో మీసమునకు లోపము రాదు. ఇరువురకును గంట మిగులును.

ఇక మన పెద్దల నడవడి. కొడుకు కోడలితో బగటివేళ నవ్వుచు మాటలాడినచో మనము దగ్గుదుము, లేదా దాహమని కోడలిని బిలుతుము. అదే జంట చెరియొక మూల సెల్‌ఫోను చూచుచు గూర్చుండినచో కాలము చెడినదని దూషింతుము. ఆ దగ్గు మానుట మన చేతిలోని పని.

పిల్లలు హైదరాబాదునకో, విదేశములకో పోయినపిదప ఇంట మిగులువారు ముసలిదంపతులే. అలవాటులేని మాట అరువదియవయేట నోటరాదు. కావున జిన్నపనితో నారంభింపవలెను. మునేటి యొడ్డున గొంతదూరము నడచుటయో, అష్టాచెమ్మా యాడుటయో ఏదైనను మంచిదే. భార్యకు జదువురానిచో పత్రిక చదివి వినిపింపుడు. ఏది చదువవలెనో ముందామెనడుగుడు. శాసనసభ వార్తలు కాదు, బంగారము ధర చదువుమన్నచో, అదే చదువుడు.