ఫ్యాక్సు బొమ్మ నుండి పీడీఎఫ్ దాకా
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరులో బొమ్మల ఫైళ్ళను ఒక రకం నుండి మరో రకానికి మార్చుకొనే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు పురమాయించారు. నేను ఇంజనీరును కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. ఈ విద్యలో సగానికి సగం గుమాస్తాగిరీయే గనుక ధైర్యం చేసి నిలబడ్డాను.

ముందుగా దీనితో మనకేం పని అన్నది చెప్పాలి. మన మిత్రులొకరు కాలం చేశారు. ఆయన శ్రీమతికి కుటుంబ పెన్షను మంజూరు కావాలి. పాత సర్వీసుకు సంబంధించిన ఉత్తర్వు నకలు వేరే ఊరి ఆఫీసు నుండి ఫ్యాక్సు ద్వారా తెప్పించారు. ఇప్పుడు ఫ్యాక్సు కాగితం మీదనే రావాలని లేదు. ఆరు పేజీలూ కలిసి ఒకే టిఫ్ ఫైలుగా మెయిలులో వచ్చాయి. ఆమె ఫోనులో తెరిస్తే మొదటి పేజీ తప్ప మరేమీ కనబడలేదు. ఇంటర్నెట్ సెంటరులో దానిని జేపెగ్‌గా మార్చి ఇచ్చారు. అందులో అక్షరాలు ఎవరో పైనుంచి నొక్కినట్లు సగం ఎత్తుకు అణిగిపోయాయి. 'చదువుటకు వీలుగా లేదు, పేజీలు అసంపూర్తి' అని దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఉత్తర్వు సక్రమమైనదే, ఆమె హక్కూ సక్రమమైనదే. ఫైలు ఆకారం ఒక్కటే అడ్డం పడింది. మూడు నెలలు ఆ ఇల్లు బిడ్డల మీద ఆధారపడి నడిచింది.

అక్షరాలు ఎందుకు అణిగాయో తెలియాలంటే ఫ్యాక్సు ఎలా పనిచేస్తుందో తెలియాలి. 1980లో అంతర్జాతీయ టెలిగ్రాఫ్, టెలిఫోన్ సంప్రదింపుల సంఘం వారు గ్రూప్ 3 అనే ప్రమాణాన్ని ఖరారు చేశారు. దాని ప్రకారం యంత్రం కాగితాన్ని అడ్డగీతలుగా చదువుతుంది. ఒక్కొక్క గీతలో 1728 చుక్కలు. ప్రతి చుక్కా నలుపో తెలుపో, మూడోది లేదు. అడ్డంగా అంగుళానికి సుమారు 204 చుక్కలు పడతాయి. నిలువుగా మాత్రం సాధారణ పద్ధతిలో 98 గీతలే, మేలు రకంలో 196. సాధారణ పద్ధతిలో చుక్క నలుచదరం కాదన్నమాట. వెడల్పుకు రెండింతల ఎత్తు ఉంటుంది. ఈ కొలతలు ఫైలు తలకట్టులో రాసే ఉంటాయి. దానిని చదవని ప్రోగ్రాము చుక్కలన్నిటినీ నలుచదరంగా పరిచేస్తుంది. పేజీ సగానికి అణుగుతుంది. ఆమె కాగితానికి జరిగింది ఇదే.

ఇక కుదింపు సంగతి. ఏ4 కాగితాన్ని మేలు రకంలో చదివితే సుమారు 39.5 లక్షల చుక్కలు. అన్నీ విడివిడిగా పంపితే టెలిఫోను బిల్లు కట్టలేం. అందుకని 'ఇన్ని తెలుపు, ఇన్ని నలుపు' అని లెక్క మాత్రమే పంపుతారు. తరచుగా వచ్చే లెక్కకు చిన్న సంకేతం, అరుదుగా వచ్చేదానికి పెద్ద సంకేతం. తంతి ఆఫీసులో పనిచేసిన మిత్రులకు మోర్సు గుర్తొచ్చే ఉంటుంది. 1984లో వచ్చిన గ్రూప్ 4 ఇంకొక అడుగు ముందుకు వేసింది. పై గీతకూ ఈ గీతకూ తేడా ఎంతో అదే రాస్తుంది. మనం రిజిస్టరులో పేరు పేరునా రాయకుండా 'డిటో' పెట్టలేదూ, అదే కిటుకు! టైపు కాగితం దీనితో బాగా చిక్కిపోతుంది, ఒక్క చుక్క కూడా నష్టం కాదు. జేపెగ్ అలా కాదు. అది ఫొటోల కోసం 1992లో ప్రమాణమైన పద్ధతి. మనుమరాలి ఫొటోకు బహు బాగు, ఉత్తర్వు కాగితానికి మాత్రం అక్షరాల చుట్టూ మసక తెస్తుంది.

ఇన్ని రకాల ఫైళ్ళను ఒకదానినుండి ఒకదానికి మార్చడం ఎలా? ఇరవై రకాలున్నాయనుకోండి. ప్రతి రకం నుండి ప్రతి రకానికీ ఒక ప్రోగ్రాము రాయాలంటే 380 కావాలి. 1988లో జెఫ్ పోస్కాంజర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు పీబీఎం‌ప్లస్ అనే సామగ్రిని విడుదల చేశారు. అందులో ప్రతి రకాన్నీ ముందు ఒక సాదా మధ్య రూపంలోకి తెచ్చి, అక్కడినుండి కావలసిన రూపంలోకి పంపుతారు. అప్పుడు రావడానికి ఇరవై, పోవడానికి ఇరవై, వెరసి నలభై చాలు. రావులపాలెం వాసులకు ఇది విడమరచి చెప్పాలా? రాజమండ్రి నుండి వచ్చినా, తణుకు నుండి వచ్చినా, కొత్తపేటకో అమలాపురానికో పోవలసినవాడు మన సెంటరులో దిగి బస్సు మారడం లేదూ! ఆ తర్వాత ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సామగ్రి 1990లో వచ్చింది. టిఫ్ ఫైళ్ళ కోసం లిబ్‌టిఫ్ అనే మరొక ఉచిత సామగ్రి ఉంది.

ఇవన్నీ నల్ల తెర మీద ఒక్క వరుస ఆజ్ఞ టైపు చేసి నడిపేవి. ఆ మిత్రుని శ్రీమతి పనికి రెండు వరుసలు పట్టాయి. మొదటి వరుసలో 'టిఫ్‌సీపీ' అని కొట్టి, కుదింపు గ్రూప్ 4 అని చెప్పి, పాత ఫైలు పేరు, కొత్త ఫైలు పేరు ఇచ్చాము. రెండవ వరుసలో 'టిఫ్2పీడీఎఫ్' అని కొట్టి, బయటికి రావలసిన పీడీఎఫ్ పేరు, ఆ కొత్త టిఫ్ పేరు ఇచ్చాము. ఈ ప్రోగ్రాము తలకట్టులోని కొలతలు చదువుతుంది గనుక పేజీలు సరైన ఎత్తుకు లేచాయి. ఆరు పేజీలూ ఒకే పీడీఎఫ్‌లో కూర్చున్నాయి. అడిగిన పరిమితిలో సగం కూడా రాలేదు. ఆమె పెన్షను మంజూరైంది.

మౌసుతో నొక్కితే అయ్యే పనికి ఇదంతా ఎందుకని అడగవచ్చు. ఒక కాగితానికైతే అక్కరలేదు. రెండువందల కాగితాలుంటే అదే ఆజ్ఞను ఆ రెండువందలకూ వరుసగా నడిపించమని చెప్పవచ్చు. పైగా ఆజ్ఞను నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. మన తర్వాత సీటులోకి వచ్చేవాడు అది చూసి అదే పని అదే విధంగా చేస్తాడు.

తెలుగువారికి దీనివల్ల కలిగిన మేలు ఒకటి చెప్పాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటరు రంగపు అత్యున్నత గౌరవమైన ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాల పథకానికి సారథ్యం వహించారు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా నడిచింది. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ సైటులో పుస్తకం పేజీకొక టిఫ్ బొమ్మగా ఉండేది. చదవాలంటే పేజీ పేజీకీ నిరీక్షణ. సాహిత్యాభిమానులు పేజీలన్నీ దించుకొని ఇటువంటి ఆజ్ఞలతోనే గుదిగుచ్చి పీడీఎఫ్‌లు చేసుకొన్నారు. తర్వాత ఆ సైటు మూతపడింది. అయినా అందులోని పుస్తకాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఈనాటికీ దొరుకుతున్నాయి.

కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను. మూల ఫైలును ముట్టుకోకండి, నకలు మీదనే పని చేయండి. ఇమేజ్‌మ్యాజిక్‌లో 'మాగ్రిఫై' అనే ఆజ్ఞ పాత ఫైలు మీదనే కొత్తది రాసేస్తుంది. విండోసులో 'కన్వర్ట్' అన్న పేరుతో డిస్కు పద్ధతిని మార్చే వేరే ఆజ్ఞ ఉంది గనుక అక్కడ ఇమేజ్‌మ్యాజిక్ కోసం 'మ్యాజిక్' అనే కొట్టండి. మీ బీరువాలో వేడి కాగితం మీద వచ్చిన పాత ఫ్యాక్సులుంటే నేడే జిరాక్సు తీయించి స్కాన్ చేయించండి. ఆ అక్షరాలు ఏటికేడూ వెలిసిపోతాయి. 1996 నవంబరు 6 తుపానులో మన కోనసీమ ఇళ్ళలో ట్రంకుపెట్టెల్లో కాగితాలు ఎలా నాని ముద్దయ్యాయో మీలో చాలామంది చూసినవారే.

మరొక ముఖ్య విషయం. పీపీఓ, ఆధార్, బ్యాంకు పుస్తకం బొమ్మలను ఎవరెవరి కంప్యూటర్లలోనో వదిలి రావడం క్షేమం కాదు. ఈ సామగ్రి అంతా ఉచితం, ఇంటర్నెట్ లేకుండానే మన ఇంట్లో, మన కంప్యూటరులో నడుస్తుంది. కనుక కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. సంఘం గదిలో ఒక పాత కంప్యూటరు, ఒక స్కానరు, ఆజ్ఞలు రాసిన ఒక నోటుపుస్తకం ఉంచండి. వారానికి రెండు మధ్యాహ్నాలు నేను వచ్చి కూర్చుంటాను. నేర్చుకొనేందుకు మరో ఇద్దరు ముందుకు రావాలి. కుటుంబ పెన్షను కోసం తిరిగే అక్కచెల్లెళ్ళ కాగితాలు ముందుగా చూద్దాం, మిగతావారివి ఆ తర్వాత.