పిల్లను అడగకుండానే సంతకాలు పెట్టాం



మా సంఘంలో ఒకామె పోయినేడాది బిడ్డను నర్సింగ్ చదివిస్తానని లోను అడిగింది. బిడ్డ ఇంటర్ బైపీసీ పాసైంది. మేము తీర్మానం రాసి సంతకాలు పెట్టాం. పిల్లను ఒక్క మాట అడగలేదు. ఆమెకు రక్తం చూస్తేనే కళ్లు తిరుగుతాయట! ఆరు నెలలకే ఇంటికొచ్చింది. కట్టిన ఫీజు తిరిగి రాలేదు, కిస్తీ మాత్రం తల్లి నెలనెలా కడుతూనే ఉంది. ఆ తప్పులో మాకూ భాగం ఉంది.

ఈసారి పిల్లను కూర్చోబెట్టి అడిగినం. "ఏం కావాలో నాకే తెలుస్తలేదు పెద్దమ్మా" అని ఏడ్చింది. ఆ వయసుకు మనకేం తెలుసు? మన పెళ్లిళ్లే మనల్ని అడిగి చేయలేదు గదా. అందుకని దోస్త్‌లో అప్లికేషన్ పెట్టించి సర్కారు డిగ్రీ కాలేజీలో బీఎస్సీలో చేర్పించాం. మూడేళ్లు ఆలోచించుకోవచ్చు. తర్వాత బీఈడీ చేయొచ్చు, ఎమ్మెస్సీకి పోవచ్చు. ఏ డిగ్రీ ఉన్నా బ్యాంకు పరీక్షలు, గ్రూప్-2 రాయొచ్చు. కొత్త లోను అక్కర్లేకపోయింది.

మొన్న మీటింగులో ఇంకో తల్లి చదువు లోను అడిగింది. వచ్చే మీటింగుకు బిడ్డను తోలుకొని రమ్మన్నాం. తీర్మానం ఇంకా రాయలేదు.