ఒక అక్షరము తప్పినచో



చూపు లేనివారు వినగలుగునట్లు మేము కొందరము పుస్తకములను స్కానుచేసి, తప్పులు దిద్దుచున్నాము. దీనికి అనుమతి కలదా అని కొందరడిగిరి. వారి కొరకు లాభాపేక్ష లేక పాటుపడు సంస్థలు ఇట్టి ప్రతులు చేయవచ్చునని 2012లో సవరించిన మన కాపీరైటు చట్టము చెప్పుచున్నది. ఇందు నిమిత్తమైన మర్రకేషు ఒప్పందమును 2014లో అన్ని దేశములకంటె ముందు ధ్రువీకరించినది మన దేశమే.

కంప్యూటరు పుట బొమ్మను అక్షరములుగా మార్చును గాని, ఒక్కొక్కసారి 'ప'ను 'వ' అనుకొనును. ఒక పాఠములో మొక్క 'పేరు' అనుచోట 'వేరు' అని పడినది. రెండును తెలుగు మాటలే. తొందరలో మేము గమనింపలేదు. ఆ పాఠము విన్న విద్యార్థి పరీక్షలో అట్లే వ్రాసెను. మార్కులు పోయినవి అతనికి, తప్పు మాది.

మనకు అనుమానము కలిగినయెడల పుట తిరిగి చూతుము. అతడు దేనిని చూచును? మేమిచ్చినదే అతనికి పుట.

నాటినుండి ఒకరు పైకి చదువుచుండగా, మరియొకరు అచ్చుపుస్తకముతో సరిచూచుచున్నారు. ఇందుకు ఇద్దరేసి మనుష్యులు కావలెను. తెలుగు శ్రద్ధగా చదువగలవారు వారమునకొక గంట ఇచ్చిన చాలును. ఆరాధన ముగిసిన పిమ్మట మమ్మును కలిసికొనుడి.