ఆ పిల్లవాడు అడిగిన కేసు షీట్లు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో అనుకున్నాను. ఆ రెండింటి మీద మాట్లాడేవారికి మనలో కొదువ లేదు. ఆయన అడిగింది వేరు. "మెడికల్ కాలేజీ పిల్లలు మన ఆఫీసుకు వచ్చి సభ్యులకు ఏవో కొలతలు తీసుకుంటామంటున్నారు. మనవాళ్ళు తలా ఒక మాట అంటున్నారు. మీరు ఆసుపత్రి ఆఫీసులో పనిచేసినవారు, నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. 1972లో చేరి 2008లో దిగిపోయేదాకా ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు కట్టిన గుమాస్తాను. నాకు తెలిసింది ఆ మేరకే.

వచ్చిన ఇద్దరమ్మాయిలూ ఫిజియాలజీలో ఎం.డి. చదువుతున్నారు. ఫిజియాలజీ అంటే శరీరం రోజూ చేసే పని ఎలా చేస్తుందో చెప్పే శాస్త్రం. గుండె ఎలా కొట్టుకుంటుంది, కండ ఎలా బిగుస్తుంది, తిన్న అన్నం ఎక్కడికి పోతుంది, ఇటువంటివి. అరవై దాటిన వారికి చేతి పట్టు, నడుము చుట్టుకొలత, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టే సమయం, పరగడుపు షుగరు చూస్తారట. ఇది విని ఒక మిత్రుడు "మనమేమైనా ప్రయోగశాల కుందేళ్ళమా?" అన్నారు. ఇంకొకరు "మన నెత్తురు అమ్ముకుంటారేమో" అన్నారు. మూడో ఆయన "వాళ్ళ డిగ్రీ కోసం మన చేతులు నొక్కుతారా?" అన్నారు.

మూడో ఆయన చెప్పింది నిజం. వాళ్ళ డిగ్రీ కోసమే. ఎం.డి. మూడేళ్ళ చదువు, అందులో థీసిస్ రాసి తీరాలి. నా సర్వీసులో ఆ థీసిస్ బైండు పుస్తకాలు ఎన్నో నా బల్ల మీదుగా వెళ్ళాయి. గడువు ముంచుకొచ్చి ఏదో ఒకటి రాసేసినవి కొన్ని ఉండేవి. మనం మార్చి ముప్పై ఒకటిన బిల్లులు పాస్ చేసినట్టే అనుకోండి. నిజంగా తెలుసుకోవాలని తపించి రాసినవీ ఉండేవి. అలా తపించిన ఒక పిల్లవాడి సంగతి మీకు చెప్పాలి. నలభై ఏళ్ళుగా నేను ఎవరికీ చెప్పలేదు.

అది 1984. ఏ ఆసుపత్రి అన్నది అడగకండి. నేను అప్పుడు రికార్డు సెక్షన్ చూస్తున్నాను. ఒక పి.జి. విద్యార్థి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, హవాయి చెప్పులతో. పాత కేసు షీట్లు చూడాలన్నాడు. ఎందుకు బాబూ అంటే, "షుగరు లావుపాటివాళ్ళ జబ్బు అంటారు కదండీ. మా వార్డులో బక్కపలచటి వాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. పదేళ్ళ షీట్లు తిరగేసి వాళ్ళ బరువులు, వయసులు రాసుకుంటాను" అన్నాడు. షీటు మీద బరువు రాసేవాళ్ళు కదా, అది అతని ఆశ.

నేను పర్మిషన్ లెటరు తెమ్మన్నాను. తెచ్చాడు. ప్రొఫెసరు సంతకం ఉంది గానీ సూపరింటెండెంటు గారి ఎండార్స్‌మెంటు లేదన్నాను. అది వేయించుకొచ్చేసరికి త్రూ ప్రాపర్ ఛానల్ రాలేదన్నాను. అప్పుడు రికార్డు గది తాళంచెవి నా సొరుగులోనే ఉంది. తీసి ఇస్తే ఏ ఆడిటు పార్టీ నన్ను తప్పు పట్టేది కాదు. ఆ రోజుల్లో ఒకరిని రేపు రమ్మనడంలో మనకో చిన్న అధికారం కనిపించేది. మీలో చాలామందికి తెలుసు, నవ్వకండి.

ఆ తరువాత అతను సెలవులకు ఊరు వెళ్ళాడు. ఈలోగా రికార్డు గదిలో చెదలు పడుతున్నాయనీ, స్థలం చాలడం లేదనీ, గడువు తీరిన షీట్లను కండెమ్ చేయవచ్చుననీ నోట్ ఫైలు నడిచింది. ఆ నోటు రాసింది నేనే. కమిటీ సంతకాలయ్యాయి. పాత కాగితాల కాంట్రాక్టరు లారీ తెచ్చి తూకం వేసి తీసుకుపోయాడు. కేజీకి ఎంతో కూడా రసీదులో రాశాను. రూల్సు ప్రకారం ఒక్క తప్పు లేదు. పిల్లవాడు అన్ని సంతకాలతో తిరిగివచ్చాడు. ఖాళీ ర్యాకులు చూపించాను. అతను కాసేపు నిలబడి, "సరేనండీ" అని వెళ్ళిపోయాడు. గట్టిగా నాలుగు మాటలు అని ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. ఏడాది తరువాత అతని థీసిస్ నా బల్ల మీదకు వచ్చింది. వైద్య విద్యార్థుల ఊపిరి సామర్థ్యం మీద రాశాడు. హాస్టల్లో దొరికే ఊపిరితిత్తులకు ఏ గుమాస్తా అనుమతీ అక్కర్లేదు కదా.

మా ఆవిడ మీలో చాలామందికి తెలుసు. నలభై ఆరు కేజీల మనిషి. 1999లో దాహం ఎక్కువైంది, ఇంకాస్త చిక్కింది. షుగరేమో చూపించండి అని పక్కింటావిడ అంటే, "ఈ పుల్లకి షుగరేమిటండీ" అని నవ్వింది నేనే. కాలి పుండు మానకపోతే అప్పుడు పరీక్ష చేయించాం. అప్పటికే ఆలస్యమైంది. పదిహేనేళ్ళు మందులతో లాగి, కిడ్నీలు దెబ్బతిని 2014లో వెళ్ళిపోయింది. ఆ పిల్లవాడి థీసిస్ పూర్తయి ఉంటే ఆవిడ బతికేదని నేననను. ఒక థీసిస్‌తో అంత జరగదు. కానీ అతను అడిగిన ప్రశ్న మా ఇంట్లో వంట చేస్తూ తిరుగుతుంటే నేను గుర్తుపట్టలేదు.

హైదరాబాదులో పిహెచ్.డి. చేస్తున్న మా మనవరాలికి ఈ మధ్య ఈ సంగతి చెప్పాను. అది నన్ను తిట్టలేదు. "తాతయ్యా, ఆ ప్రశ్న పోలేదు, వేరేవాళ్ళు పట్టుకున్నారు" అని ఒక ఫోటో చూపించింది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందట. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. బరువును ఎత్తుతో లెక్కగట్టే బి.ఎం.ఐ. ఇద్దరికీ ఒకటే, 22.3. కానీ శరీరంలో కొవ్వు యుడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్నిక్ గారికి 21.2 శాతం. పైకి సన్నం, లోపల కొవ్వు. మనవాళ్ళలో చాలామంది ఈ తీరువాళ్ళే. కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ. భోజనం చేశాక రక్తంలోకి వచ్చిన చక్కెరను ఇన్సులిన్ సాయంతో ఎక్కువ భాగం లాక్కునేది కండే. కండ తక్కువైతే ఆ చక్కెర ఎక్కడికి పోవాలి? మా ఆవిడ నలభై ఆరు కేజీలకూ లెక్క అక్కడ కుదిరింది.

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే లెక్క ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు దాదాపు 10.1 కోట్లు. అంచున ఉన్నవారు మరో 13.6 కోట్లు. ఇంతమందీ లావుపాటివాళ్ళు కారు.

మరి ఈ తీరు ఎక్కడ మొదలవుతుంది? తల్లి కడుపులోనే కొంత అని ఇప్పటి పరిశోధకులు అంటున్నారు. దానికి మన హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లోనే ఒక సాక్ష్యం ఉంది. రికార్డులు చూసినవాణ్ణి కనుక నాకు ఇది బాగా నచ్చింది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ వారు 29 గ్రామాలలో ఒక ట్రయల్ నడిపారు. 15 గ్రామాలలో గర్భిణీలకూ, చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందేది. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. పుట్టే బిడ్డ బరువు చూడడం అప్పటి ఉద్దేశం. పని అయిపోయింది, మనమైతే ఎల్.డిస్. కింద కట్టి ఏడాదికి పారేసేవాళ్ళం. వాళ్ళు పారేయలేదు. 2003-05లో పరిశోధకులు మళ్ళీ అవే గ్రామాలకు వెళ్ళి, అప్పుడు పుట్టిన పిల్లలను ఇంటింటా వెదికి పట్టుకున్నారు. వెయ్యి పైచిలుకు మంది దొరికారు. అప్పటికి వాళ్ళు మీసాలు వస్తున్న పిల్లలు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. ఇన్సులిన్ వాళ్ళ ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి. ఇది 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తేడా పెద్దదేం కాదు. అయినా తల్లి తిన్న ఒక పూట తిండి పదిహేనేళ్ళ తరువాత బిడ్డ రక్తనాళంలో కనిపించడం చిన్న సంగతా? ఆ తరువాత వాళ్ళ తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా కలుపుకొని ఆ పని సాగింది. తన వయసు విద్యార్థులకు ఆ వివరాలు ఒక గని అని మా మనవరాలు అంటుంది. అదే నేనైతే లారీకి ఎక్కించి ఉండేవాణ్ణి.

ఇంట్లో జబ్బు పరిశోధనకు దారి తీయడం మనకు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆయన 1923లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేస్తూ చదువుకున్నారు. 1925లో ఫిస్కే గారితో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1927లో కండకు తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ సంగతి బయటపెట్టారు. పిహెచ్.డి. పట్టా చేతికొచ్చింది మాత్రం 1930లో. అంటే ఇదంతా చేసినప్పుడు ఆయనా ఒక విద్యార్థే. తరువాత 1945లో లెడర్లే కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. అది స్ప్రూ రోగులకు పనికొచ్చింది, అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళ తరువాత. మన దగ్గరకు వచ్చిన అమ్మాయిలు సుబ్బారావులు అవుతారని నేను చెప్పడం లేదు. వాళ్ళు కొలుస్తున్నదీ ఆ కండనే.

కుందేళ్ళమా అన్న మిత్రుడికి ఇప్పుడు జవాబు చెప్తాను. కుందేలుకు ఎవరూ ఫారం ఇవ్వరు. మనకు ఇస్తారు. మనుషుల మీద ఏ అధ్యయనం చేయాలన్నా కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఏం చేస్తారు, ఎంత రక్తం తీస్తారు, దాన్ని ఏం చేస్తారు, ఎవరికి చూపిస్తారు అన్నది మనకు అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. మధ్యలో ఇష్టం లేకపోతే మానేయవచ్చు. మానేశామని ఆసుపత్రిలో మన వైద్యం ఆగకూడదు. నేను ఆ అమ్మాయిలను ఈ కాగితాలన్నీ అడిగాను. అనుమతి పత్రం చూపించారు, నంబరు రాసుకున్నాను. తెలుగు ఫారంలో "రక్తనమూనా భద్రపరచబడును" అని ఒక వాక్యం ఉంది. ఎంతకాలం, దేనికి అని అడిగితే, మేడమ్ గారిని కనుక్కుని వచ్చి, షుగరు పరీక్ష అయ్యాక పారేస్తాం అని ఆ వాక్యం కొట్టేసి, దిద్దిన ఫారానికి కమిటీ ఆమోదం తెచ్చారు. రెండు వారాలు పట్టింది. అమ్ముకుంటారేమో అన్న మిత్రుడు ఆ దిద్దుబాటు చూసుకోవచ్చు.

నాకు కొలతలు అప్పుడే చేయించుకున్నాను. పట్టు చూసే పరికరం గట్టిగా నొక్కితే 24 కేజీలు చూపించింది. ఆసియా దేశాల వారి లెక్కలో మగవారికి 28 కన్నా తగ్గితే, ఆడవారికి 18 కన్నా తగ్గితే కండబలం తగ్గిందని అర్థమట. ముప్పై ఆరేళ్ళు స్టాంపులు గుద్దిన చెయ్యి ఇది, నమ్మలేక మూడుసార్లు నొక్కాను. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 14 సెకన్లు పట్టింది. 12 లోపు రావాలట. ఆ అమ్మాయి కంగారు పెట్టలేదు. "తాతగారూ, డాక్టరు గారికి చూపించుకోండి. నడక ఒక్కటే చాలదు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ చేయండి. కిడ్నీ పరీక్ష బాగుంటే పప్పు, గుడ్డు పెంచమంటారు" అంది. డాక్టరు గారూ అదే చెప్పారు. నెల రోజులుగా చేస్తున్నాను. మొన్న 13 సెకన్లకు వచ్చింది.

ఇంకొక మనవి. మీ పాత లాబ్ రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్లు తేదీల వరుసన ఒక ఫైలులో పెట్టుకోండి. వాటికి ఆర్.డిస్. నంబరు వేసినట్టు అనుకోండి, పారేయకండి. ఆ అమ్మాయిలు అడిగితే చూపించండి. ఇష్టం లేకపోతే లేదనండి. రేపు రమ్మని మాత్రం అనకండి.

వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు మన ఆఫీసులో మొదలుపెడతారు. పరగడుపున రావాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ముందు రోజే మీ డాక్టరును అడిగి రండి. రక్తం ఇచ్చాక ఇడ్లీ ఏర్పాటు చేస్తామని కోశాధికారి గారు ఒప్పుకున్నారు. తెలుగు ఫారాలు ముప్పై ప్రతులు నా దగ్గర ఉన్నాయి. ఇప్పుడే తీసుకుని ఇంటికెళ్ళి చదవండి. ముందు సంతకం పెట్టి తరువాత చదవకండి, అది మనకు ఆఫీసులో పట్టిన అలవాటు. పేర్లు రాసుకునే పుస్తకం ఆ కిటికీ పక్క బల్ల మీద పెట్టాను, పెన్నుకు దారం కట్టే ఉంది.